తుడిచేయమన్న బ్యాకప్ డిస్కు

2023 వేసవి. సికింద్రాబాద్ మెట్టుగూడలోని ఒక స్కానింగ్ సెంటర్ సర్వర్‌ను అప్పట్లో నేనే చూసుకునేదాన్ని, చాలావరకు యాప్రాల్‌లోని మా ఇంటి నుంచే. సర్వర్‌లో చేరే స్కాన్‌లన్నిటికీ రోజూ ఒక నకలు బ్యాకప్ డిస్కులోకి వెళ్లేది. ఆ డిస్కును డాక్ అనే చిన్న పెట్టెలో గుచ్చి, యూఎస్‌బీ వైరుతో సర్వర్‌కు కలుపుతారు.

ఒక ఉదయం సర్వర్ లోపలి డిస్కు పాడైందని ఫోనొచ్చింది. బ్యాకప్ ఉందిలే అన్న ధీమాతోనే వెళ్లాను. కొత్త డిస్కు వేసి, విండోస్ ఎక్కించి, డాక్ వైరు తగిలించాను. ‘ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని తెర మీద వచ్చింది. ఫార్మాట్ అంటే తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం.

సెంటర్ యజమాని డాక్టర్ ప్రభాకర్ నా వెనకే నిలబడ్డారు. “అడుగుతోంది కదమ్మా, చేసెయ్.”

“చేస్తే స్కాన్‌లు పోతాయి సార్.”

“ఇప్పుడు మాత్రం ఎక్కడున్నాయి?”

బయట గ్రేస్ టీచర్ కూర్చుని ఉన్నారు. కొన్నేళ్ల కిందట క్యాన్సర్‌కు చికిత్స చేయించుకున్న మనిషి. కొత్త స్కాన్‌లో ఊపిరితిత్తి మీద ఒక మచ్చ కనిపించింది. ఇక్కడే తీసిన పాత స్కాన్‌లోనూ అది ఉంటే భయం లేదు. లేకపోతే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. ఆమె దగ్గరున్న పాత స్కాన్ సీడీ ఎప్పుడో పాడైంది.

“పాతదో కొత్తదో చెబితే చాలమ్మా,” అన్నారు నన్ను చూసి. “ఏదైనా తట్టుకుంటాను గానీ, ఈ తెలియకపోవడమే కష్టంగా ఉంది.”

మేనేజర్ యాదగిరిని పిలిచాను. “ఇక్కడ ఏమైనా మార్చారా?”

“ఏం మార్చలె మేడం.”

వైరు తీసి పెట్టాను, ఇంకో పోర్టులో పెట్టాను. అదే మాట. మళ్లీ అడిగాను. “ఏం మార్చలె అంటున్న గద మేడం, గిట్ల పరేషాన్ చేస్తే ఎట్ల?” అన్నాడు.

డిస్కులో హద్దులు గీసి విడదీసిన భాగాన్ని పార్టిషన్ అంటారు. ఆ సెట్టింగులు తెరిచి చూస్తే, డిస్కంతా పరుచుకుని ఉండాల్సిన పార్టిషన్ సరిగ్గా ఎనిమిదో వంతే కనిపించింది. పాడైన డిస్కు అంత లెక్కగా పాడవదు. డిస్కు మీద జాగాను సెక్టార్లు అనే గళ్లలో కొలుస్తారు. కొన్ని పాత డాకులు మామూలు గడికి ఎనిమిదింతలుండే పెద్ద గడితో కొలుస్తాయి. పెద్ద గళ్లతో గీసిన హద్దును చిన్న గళ్లతో చదివే డాక్‌లో పెడితే ఎనిమిదో వంతే కనిపిస్తుంది, లోపలున్నది అర్థం కాదు.

“ఈ డాక్ పాతదేనా?”

“ఏం డాక్?”

“ఈ పెట్టె!”

“గీ డబ్బానా? కొత్తది. సర్వర్ బందైందని పొద్దుగాల నేనే బిగించిన.”

“ఏమీ మార్చలేదన్నారుగా!”

“డిస్కు మార్చలె మేడం. డబ్బా మార్చుడు సుత మార్చుడేనా?”

పాత డబ్బా ఏదంటే, బామ్మర్ది అడిగితే ఇచ్చేశాడట. ఆ బామ్మర్ది ఇల్లు చిలకలగూడ. ఫోన్ ఎత్తడు. యాదగిరి ఎండలో బండి వేసుకుని వెళ్లి, చెమటలు కక్కుతూ డాక్ తెచ్చాడు. దాని కరెంటు అడాప్టర్ మాత్రం అక్కడే మరిచిపోయాడు. మళ్లీ పంపాను. ఆ మధ్యలో డాక్టర్ గారు, “ఫార్మాట్ చేసి చూద్దామా?” అని ఇంకోసారి అడిగారు. మౌస్ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

అడాప్టర్ వచ్చింది. పాత డాక్‌లో గుచ్చగానే ఫోల్డర్లన్నీ వరుసగా తెరుచుకున్నాయి.

డాక్టర్ గారు రెండు స్కాన్‌లు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత తనే బయటికి నడిచారు. “టీచర్ గారూ, పాత మచ్చే. అప్పుడెంతుందో ఇప్పుడూ అంతే.” ఆమె కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుస్తూనే ఉండిపోయారు.

నా కోపం మాత్రం ఇంటికి వెళ్లినా తగ్గలేదు. మర్నాడు స్కాన్‌లన్నిటినీ ఇంకో డిస్కులోకి ఎక్కించి, వేరే డాకుల్లోనూ తెరిచి చూశాకే వదిలాను.

ఆ రోజు నుంచి “ఏం మార్చారు?” అని ఎవర్నీ అడగను. ఫోన్లో వీడియో పెట్టించి, గోడ ప్లగ్గు నుంచి ఒక్కో వస్తువూ చూపించమంటాను. తనకు చదవడం రాకపోయినా యంత్రం ఆ మాట చెప్పదు, తుడిచేయమంటావా అనే అడుగుతుంది. ఆ ప్రశ్నకు తొందరపడి అవునని చెప్పకపోవడమే నా పనిలో సగం.