చలిదేశం నుంచి వచ్చిన రంపం

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక మీ పిల్లల్ని నా క్లాసులో కూర్చోబెట్టాలా వద్దా అని మీరు ఆలోచనలో పడితే నేనేమీ అనుకోను. నేను గూడూరు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. ఎమ్మే తెలుగు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, చివరికి నా నెత్తిన పడేది ఇదే.

నాకు పెళ్ళయిన కొత్త. మా మామకు కోట అవతల, సముద్రానికి దగ్గర్లో సరుగుడు తోట ఉంది. ఒకప్పుడు ఆయన దగ్గర చెట్లు కోసే రంపం మిషను ఉండేది, పెట్రోలు పోసి తాడు లాగితే చైను తిరిగే రకం. నా పెళ్ళికి ఎనిమిదేళ్ల ముందు అది ఇంట్లోంచి మాయమైంది. చివరిసారి దాన్ని వాడింది ఆయన తమ్ముడు పెంచలయ్య. "వాడే అమ్ముకున్నాడు" అని మామ, "తెచ్చి నీ వసారాలోనే పెట్టినా" అని చిన్నమామ. అంతే, మాటలు ఆగిపోయాయి. పక్కపక్క ఇళ్ళు, మధ్యన ఒక కంప దడి. మా పెళ్ళిలో కూడా చిన్నమామ పందిరి బయటే నిలబడి అక్షింతలు విసిరాడు. అవి నా దాకా రాలేదు. నా భార్య సుజాత ఆయన చంకలో పెరిగిన పిల్ల. ఆ రోజు అది ఏడ్చిన ఏడుపుకు నేనేదో కట్నం గొడవ పెట్టానని సగం మంది అనుకున్నారు.

"మా నాయనకి అట్టాంటి మిషను ఇంకోటి దొరికితే ఆ కోపం దిగతాదేమోనండీ" అంది సుజాత ఒకరోజు.

కొత్తది కొనొచ్చు కదా అంటారా? మామ ఒప్పుకోడు. "ఇప్పుడొచ్చేవన్నీ పిలకాయల బొమ్మలు. నా మిషను మాదిరి ఒక్కటి చూపించు" అంటాడు. కాబట్టి పాతదే కావాలి. అన్నదమ్ముల్ని కలిపిన అల్లుడిగా ఆ ఊళ్ళో నా పేరు మోగిపోవాలని నేను తీర్మానించుకున్నాను. పేరు మోగింది లెండి.

మా అత్త సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమె పేరు పిచ్చమ్మ. ఇంట్లో ఏ లోహపు వస్తువున్నా దాని మీద ఆ పేరు ఉండాల్సిందే. వీధిలోకి పేర్లు కొట్టే అతను వస్తే చాలు, చెంబులు, పళ్ళేలు, గరిటెలు, ఆఖరికి సైకిలు మడ్‌గార్డు కూడా పట్టుకెళ్ళి చుక్కలు చుక్కలుగా కొట్టించుకునేది. మామ రోజూ తోటకు తీసుకెళ్ళే నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీకయితే గిన్నె గిన్నెకూ పిచ్చమ్మే. పెళ్ళిపీటల మీద నేను నుదుట పూల బాసికంతో కూర్చున్నాను కాబట్టి బతికిపోయాను, ఇత్తడి కిరీటం పెట్టుకునుంటే నెత్తిన కొట్టించేసేది.

సరే. గూడూరులో పాత ఇనప సామాన్ల అంగట్లో, తుప్పు పట్టిన మోటార్ల కింద నాకొక రంపం మిషను దొరికింది. మసి, మట్టి, గడ్డకట్టిన ఆయిలు.

"ఇది యాడిదన్నా?" అని అడిగాను.

"స్టీలు సామాన్ల బండాయన ఎప్పుడో ఏసిపోయినాడు సార్."

ఆ మాట నేను చెవిన వేసుకోలేదు. ఇంత గొప్ప మిషను స్టీలు సామాన్ల బండి మీద రావడమేంటి! ఓడలో వచ్చి ఉంటుంది. దాన్ని గోతంలో చుట్టి, సుజాతకు కూడా చెప్పకుండా, పంపుసెట్లు, పడవ ఇంజన్లు బాగుచేసే మస్తాన్ షెడ్డుకు మోసుకెళ్ళాను.

మస్తాన్ కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే తాడు ఉండే మూత మీద చుక్కలు బయటపడ్డాయి. చుక్కలు కలిపితే మూడు అక్షరాలు. రెండిటికి నెత్తిన కొక్కేలు, సున్నాలు.

"ఇదేం బాసండీ మాస్టారూ? జిలేబీ చుట్టినట్టుండాది."

నేను కళ్ళద్దాలు సవరించుకున్నాను. చూశాను. మళ్ళీ చూశాను. "మస్తాన్, అక్షరాల నెత్తిన ఇలా సున్నాలు పెట్టేది ఎవరో తెలుసా? ఉత్తరాన మంచు దేశాలవాళ్ళు. అక్కడంతా అడవులు. రంపాలు పుట్టిందే అక్కడ!"

"అబ్బా!" అన్నాడు మస్తాన్. అతను పాపం నా చదువును నమ్మినవాడు.

మీకు ఈపాటికి అర్థమైపోయిందా? నాకు కాలేదు. ఫోటో తీసి, పాత రంపాల పిచ్చివాళ్ళ గ్రూపొకటి ఫోనులో ఉంటే అందులో పెట్టాను. "ఇలాంటిది నా జన్మలో చూడలేదు" అని ఎవరో ఒక తెల్లాయన రాశాడు. చూడలేదంటే అంత అరుదైనదన్నమాట! ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. చేత్తో నొక్కే మీట మామూలు ప్లాస్టిక్కుది కాదు, సన్నగా, వంపుగా, మెరిసే స్టీలుది. "చూశావా పనితనం! మన దగ్గర ఇలాంటిది చేసే మొనగాడున్నాడా?" అని దాన్ని అరగంట పాలిష్ పట్టాను.

మూడు వారాలు ఆదివారాలన్నీ అక్కడే. మస్తాన్ కార్బొరేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గు మార్చాడు, తాడు కొత్తది వేశాడు. నేను చైను పళ్ళు ఆకురాయితో సానబట్టాను, దాంతో పాటు నా బొటనవేలు కూడా. చివరికి రంగు వేసే రోజు వచ్చింది.

"ఈ చుక్కలు ఉంచేదా, తీసేదా మాస్టారూ? రంగు నున్నగా పట్టదు."

"ఫోటో ఉందిగా, గీకెయ్. ఆ అక్షరాలతోనే స్టిక్కరు కొట్టిద్దాం."

గీకేశాడు. పాత ఎరుపు పోయి నీలం వచ్చింది. దాని మీద నెత్తిన సున్నాలున్న మూడక్షరాల బంగారు రంగు స్టిక్కరు. తాడు లాగితే నలభయ్యో లాగుకు మిషను గర్జించింది. మేమిద్దరం కౌగిలించుకున్నాం. అంత ఆనందం నాకు ఎమ్మే పాసయినప్పుడు కూడా కలగలేదు.

ఆ ఆదివారం సుజాతను వెంటబెట్టుకుని అత్తారింటికి వెళ్ళాను. వసారాలో మామ ముందు గోతం విప్పి, "మామా, చలిదేశం సరుకు!" అన్నాను.

మామ మిషన్ను తిప్పి చూశాడు. మొహం వెలిగింది. ఆయన వేలు స్టీలు మీట మీదకు పోయింది. అక్కడే ఆగింది. మొహం ఆరిపోయింది.

"ఇది మా ఇంటి గరిటె తోక."

"ఏంటి మామా?"

"మీట ఇరిగిపోతే నేనే గరిటె తోక కోసి బిగించినా! ఇది నా మిషనే! దీని మీద మీ అత్త పేరుండాలే, ఏదీ?"

"అదా... గీకేశాం మామా."

"రంగు?"

"మార్చాం."

"బ్రాందీ సీసా మీది మాదిరి ఈ బంగారు బొమ్మేంది?"

"స్టిక్కరు మామా."

మామ లేచి నిలబడ్డాడు. "పేరు గీకినావు, రంగు మార్చినావు, బొమ్మ అంటించినావు. దొంగసొమ్ముకు చేసేయన్నీ చేసినావు కదయ్యా! ఆ పెంచలయ్య దగ్గిర్నించి తెస్తివా? ఎనిమిదేళ్ళు దాచి, ఇప్పుడు అల్లుడి చేత పంపిస్తాడా నాకు?"

దడి అవతల చిన్నమామ గేదెకు మేత వేస్తున్నవాడు వేస్తున్నట్టే ఆగిపోయాడు. అన్నదమ్ముల్ని కలపడానికి వచ్చినవాణ్ణి చిన్నమామకు దొంగ పేరు ఖాయం చేసేలా ఉన్నాను. సుజాత కళ్ళలో నీళ్ళు చూసి నేను తొందరపడ్డాను. "నా మీద ఒట్టు మామా, గూడూరు అంగట్లో కొన్నాను. అది పేరని నాకు తెలీదు. కావాలంటే ఫోటో చూడండి!"

ఫోను చూపించాను. మామకు ఏమీ అర్థం కాలేదు. సుజాత మాత్రం ముక్కు చీదుకుంటూ వంగి చూసి, "ఇది మా అమ్మ పళ్ళేల మీది పేరే! తలకిందులుగా ఉంది" అంది. పేర్లు కొట్టేవాడు మిషన్ను ఒళ్ళో బోర్లించుకుని కొట్టాడన్నమాట. నా మంచుదేశపు సున్నాలూ కొక్కేలూ మన చకార మకార ఒత్తులు.

ఫోను తిప్పితే బొమ్మ కూడా తిరిగిపోతోంది. ఎటు తిప్పితే అటు. విసుగెత్తి మామ ఫోన్ను నేల మీద పెట్టించి, తాను దానికి వీపు తిప్పి, పంచె ఎగగట్టి, వంగి కాళ్ళ సందులోంచి చదివాడు. "పి... చ్చ... మ్మ." అలాగే తలకిందులుగా నా వంక చూశాడు. "నువ్వు ఇస్కూల్లో చెప్పేది ఏందబ్బయా?"

"తెలుగు మామా."

దడి అవతల చిన్నమామ దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"అది సరే, గూడూరు అంగటికి ఎట్టా పోయింది?" అన్నాడు మామ నిటారుగా లేచి.

"స్టీలు సామాన్ల బండాయన వేసిపోయాడంట" అన్నాను.

స్టీలు సామాన్ల బండి. పాతవి వేస్తే కొత్త గిన్నెలిచ్చే బండి. సుజాత చూపు మెల్లగా గోడకున్న కొక్కేనికి పోయింది. నా చూపూ పోయింది. మామ చూపూ పోయింది. అక్కడ నాలుగు గిన్నెల క్యారేజీ తళతళా మెరుస్తూ వేలాడుతోంది.

అప్పటిదాకా వంటింటి గడప దగ్గర నిలబడ్డ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు తోటకు పోయుంటే మరిది తెచ్చి వసారాలో పెట్టిపోయినాడు. లాగి చూస్తే స్టార్టు కాలా. ఇంక పనికిరాదనుకుని ఏసేస్తిని. నెల పోయినాక నువ్వు ఊరంతా ఇనపడేట్టు కేకలేస్తివి. చెబుదామనే అనుకుంటిని, భయపడితిని."

"ఎనిమిదేళ్లా!"

"రోజూ అనుకుంటిని."

మామ కూలబడ్డాడు. ఎనిమిదేళ్లుగా రోజూ మధ్యాహ్నం సరుగుడు నీడలో కూర్చుని, తమ్ముణ్ణి తిట్టుకుంటూ, ఆ రంపంలోనే అన్నం తిన్నాడు. పెరుగన్నం కూడా. చాలాసేపటికి లేచి, మిషను భుజాన వేసుకుని దడి దగ్గరికి పోయాడు. క్షమించమనడం ఆయనకు చేతకాదు. గొంతు సవరించుకున్నాడు.

"రేయ్ పెంచలయ్యా. మిషను దొరికింది. రేపు రెండు సాళ్ళ సరుగుడు కొట్టాల. రా."

చిన్నమామ మేత కట్ట కింద పెట్టి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "వస్తాలే. వదినను క్యారేజీలో నాక్కూడా పెట్టమను. ఎనిమిదేళ్ళు దాని దొంగననిపించుకున్నా, ఆ రంపంలో నాకూ వాటా ఉండాది."

సుజాత దడి దూకినంత పని చేసి ఆయన మెడకు చుట్టుకుంది. నేను మామ దడికి ఆనించిన మిషను మీది స్టిక్కరు గోటితో గీకుతూ నిలబడ్డాను.

కనుక, పాఠకులారా, వర్ణమాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ అక్షరాన్నీ వంగి కాళ్ళ సందులోంచి ఒకసారి చదవనిదే పరాయి భాష అనను, గీకించను. ఈ ప్రమాణాన్ని మా అత్త ఒక స్టీలు పళ్ళెం మీద చుక్కలతో కొట్టించింది. ఎప్పుడు వెళ్ళినా నాకు అందులోనే అన్నం పెడుతుంది, అక్షరాలు తలకిందులుగా ఉండేలా తిప్పి మరీ.