వీపు వెనక పొంగిన నేల

నేల పగిలిన ఆదివారం నాడు సీగోబిన్ అటు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఈ మాట ముందుగా ఎవరన్నారో గాని, పెటిట్ బూఫ్‌లో ఇప్పుడు ఆయన గురించి ఎవరు చెప్పినా అక్కణ్ణుంచే మొదలుపెడతారు. అబద్ధం కాదు కాబట్టి ఆయన ఏమీ అనడు.

ఊరికి ఆ పేరు తెచ్చిన బూఫ్ ఇళ్ళ వెనక మెరకలో ఉంది. మనిషి నడుమెత్తు బూడిదరంగు బురద గుట్ట, దాని కొసన పళ్ళెమంత నోరు. నిప్పూ పొగా ఉండవు. అడుగునున్న గ్యాసు చల్లటి బురదని పైకి తోస్తుంది. ఒక బుడగ మెల్లగా ఉబ్బి, కాస్త ఆగి, టప్పున పేలుతుంది. ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది గోడ గడియారం చప్పుడు లాంటిది, చెవిన పడదు. సీగోబిన్‌కి మాత్రం పడేది. ట్రాక్టర్ తోలే రోజుల్లో చెరకు దించి తిరిగొస్తూ, ఇంజను ఆపి కాసేపు దాన్నే చూసి పోయేవాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ కాసేపు పొద్దంతా అయింది. ఒక ముక్కాలిపీట, ఫ్లాస్కులో టీ. భార్య బతికున్నన్నాళ్ళూ రొట్టె, కాల్చి మెదిపిన టమోటా చోఖా అక్కడికే పంపేది. ఆ బురదకే తాళి కట్టాల్సింది, నన్నెందుకు తెచ్చుకున్నావన్న కబురు కూడా రొట్టెతో పాటే వచ్చేది.

బూఫ్ అప్పుడప్పుడూ రాళ్ళు కక్కేది. పొరలు పొరలుగా విడిపోయే నల్లరాయి, పాలరంగు స్ఫటికాలు, ఇత్తడిలా మెరిసే చిన్న గడ్డలు. వాటిని కడిగి, ఆరబెట్టి, రకానికో పాలడబ్బాలో పోసుకునేవాడు. బురదని వేలితో తీసి నాలుక మీద పెట్టుకునేవాడు. ఉప్పదనం పెరిగితే బాగా లోతునుంచి వస్తోందనేవాడు. ఈ దీవంతా ఒకప్పుడు సముద్రం అడుగునే ఉందట, ఆ సముద్రం ఇంకా మన కాళ్ళ కిందే ఉందట, ఏదో ఒకనాడు అది తనకో గవ్వ పంపుతుందట. వినేవాళ్ళు దొరికితే ఇదే చెప్పేవాడు.

ఎదురింటి మిస్ యులాలీ వినేది, వినీ ఊరుకునేది కాదు. "సీగో, ఉప్పు కాస్త తగ్గించమని చెప్పు దానికి. నీకసలే బీపీ."

కూతురు ఇంద్రౌతికి పెళ్ళయినప్పుడు అల్లుడు రిచీ దూరంగా కూవా అనే ఊళ్ళో అద్దె ఇల్లు చూశాడు. అక్కడి నేల బల్లపరుపు, ఏ గొడవా లేదు. సీగోబిన్ ఒప్పుకోలేదు. తన ఇంటి పక్కన, రోడ్డు వైపున్న జాగా కూతురికి రాసిచ్చాడు. రిచీ బూఫ్ సంగతి అడిగితే నవ్వాడు. దాని నోరు తెరిచే ఉంది, లోపలిదంతా అక్కణ్ణుంచే పోతోంది, ఇంత దూరం ఎందుకు వస్తుందన్నాడు. ఆ నమ్మకం మీదే వాళ్ళు సిమెంటు ఇల్లు కట్టుకున్నారు. ముందు గదిలో తల్లి కుట్టుమిషను పెట్టుకుని ఇంద్రౌతి బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టింది. గృహప్రవేశం పూజయ్యాక, అందరి ఇళ్ళముందూ ఉన్నట్టే, ఆ ఇంటి ముందు కూడా ఎర్రవీ పసుపువీ జెండాలు కట్టిన వెదురు గడలు పాతారు.

ఆ ఏడు ఎండాకాలం నడిమిట్లో గడలన్నీ ఒకే వైపుకి ఒరిగాయి. గాలికన్నాడు రిచీ. పూజచేసిన గడలు అలా ఒరిగి ఉండటం బాగుండదని సీగోబిన్ తనే వచ్చి ఒక్కొక్కటే నిలబెట్టి, మొదళ్ళలో మన్ను వేసి మడమతో తొక్కాడు. గుంటల్లో తడి కనిపించింది. బట్టలుతికిన నీళ్ళు ఇటు పారుతున్నాయి, కాలవ తవ్వించమని కూతురికి చెప్పాడు. చేతులకంటిన బురద లాగుకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఊరి బురదంతా నాలుక మీద పెట్టుకున్న మనిషి దీన్ని మాత్రం పెట్టుకోలేదు.

ఆ తర్వాత బూఫ్ నెమ్మదించింది. బుడగలు తగ్గాయి, నోటి చుట్టూ బురద ఎండి పెచ్చులు కట్టింది. అడిగినవాళ్ళకి సీగోబిన్ ఎండాకాలం కదా, నిద్రపోతోందన్నాడు. అన్నాడేగాని మనసు నిలవలేదు. అందుకే ఆదివారం పొద్దున్నే పీట తీసుకుని వెళ్ళి దాని నోట్లోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క బుడగ వస్తే చాలనుకున్నాడు.

చప్పుడు వెనకనుంచి వచ్చింది. ట్రాక్టరు తొట్టిలోని చెరకంతా ఒక్కసారిగా దొర్లించినట్టు వచ్చింది. పీట కింద నేల కదిలింది. తిరిగి చూస్తే ఇళ్ళ కప్పుల మీదుగా, కొబ్బరిచెట్లని మించి, బూడిదరంగు కంబం ఒకటి నిలబడి ఉంది. అదేమిటో ఆయనకి తెలియలేదు. అన్నాళ్ళూ చూసిందే అయినా ఆ చోట దాన్ని పోల్చుకోలేకపోయాడు. కిరసనాయిలు వాసన వచ్చాక, అది తన కూతురి ఇంటి ముందు అని తెలిశాక, పీట పడేసి లేచాడు. బూఫ్ వైపు మళ్ళీ చూశాడు. అది అలాగే ఉంది, పెచ్చు కట్టి, ఏమీ ఎరగనట్టు.

రోడ్డు మీద మిస్ యులాలీ ఇంటింటి ముందూ అరుస్తూ పోతోంది. "పొయ్యిలార్పండి! ఎవరూ అగ్గిపుల్ల గీయకండి!"

ఇంద్రౌతి మిస్ యులాలీ గుమ్మం ముందు, ఒక కాలికే చెప్పుతో, నడుం దాకా బురదతో నిలబడి ఉంది. రిచీ క్రికెట్ మైదానం నుంచి ఇంకా రాలేదు. అప్పుడు తను మిషను ముందు కూర్చుని ఉందట. దారపు రీలు దానంతటదే బల్ల మీంచి దొర్లిపోయిందట. దాని కోసం వంగేసరికి గచ్చు పైకి లేచిందట. ఇదంతా ఎవరో అడుగుతుంటే పొడిగా చెబుతోంది. తండ్రి వచ్చి చెయ్యి పట్టుకున్నా ఆయన వైపు చూడలేదు.

"నువ్వు చెప్పావని కట్టాం నాన్నా," అంది.

కోపంగా అనలేదు. వేరే ఎవరికో చెబుతున్నట్టు అంది.

ఎవరూ చనిపోలేదు. బురద సాయంత్రానికి తగ్గింది గాని, ఇంటి కిటికీల దాకా చేరి, ముందు గోడని పక్కకి నెట్టి అక్కడే ఆగింది. వెదురు గడలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆ వీధివాళ్ళందరినీ బడి గదుల్లో ఉంచారు. సీగోబిన్ ఇల్లు చెక్కు చెదరలేదు. అది ఆయనకి అన్నిటికంటే కష్టమైంది. అల్లుడు మాట్లాడటం మానేశాడు. కూవాలో అదే ఇల్లు ఇంకా ఖాళీగా ఉందని, కుట్టుమిషను బతికుంటే అక్కడికి వెళ్ళిపోతామని మిస్ యులాలీతో అన్నాడట. ఈయన్ని రమ్మంటారా లేదా అన్నది మాత్రం ఎవరూ అనలేదు.

బురద పైన తోలు కట్టేదాకా ఆగి, కూతురు మిషను కోసం వస్తోందని విని, సీగోబిన్ ముందే వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. ఊడిపడిన రేకు మీద పిడికిలంత ముద్ద కనిపించింది. చేయి దానంతటదే వెళ్ళింది. గోటితో గీకాడు, ఉమ్మితో తడిపి చొక్కాకి తుడిచాడు. గీతలు బయటపడ్డాయి, విసనకర్రలా విచ్చుకున్న గీతలు. గవ్వ. రాయై పోయిన గవ్వ. గుండెలో సంతోషం పొంగింది. ఎంత గట్టిగా పొంగిందంటే ఆయనకి భయమేసింది. కూతురి ఇంటి కప్పు మీద ఉండాల్సిన రేకు అది. ఇల్లు పోయిన చోట నిలబడి తను నవ్వుతున్నాడని పెదవులు తడుముకుంటేగాని తెలియలేదు.

తలెత్తేసరికి ఇంద్రౌతి ఎదురుగా ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"దొరికిందా?" అంది.

ఆయన తల ఊపాడు. విసిరేయాలనుకున్నాడు, చేయి రాలేదు. జేబులో వేసుకున్నాడు. ఆమె అదీ చూసింది. ఇంటి వైపు తిరిగి, పైన పగుళ్ళు తేలిన బూడిదరంగు నేలని చూపించింది.

"దీని మీద నడవొచ్చా నాన్నా?"

పైకి గట్టిగానే ఉంది. పెచ్చుల మందం చూస్తే నడవచ్చనే అనిపిస్తోంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు.

ఆమె వంగి, పడి ఉన్న వెదురు గడ ఒకటి లాగి, జెండా గుడ్డ ఊడదీసి, నుదుటికి ఆనించుకుని పక్కన పెట్టి, గడ ఆయన చేతికిచ్చింది. ఇంకోటి తను తీసుకుంది.

"పొడిచి చూసుకుంటూ పోదాం. ఇద్దరం పక్కపక్కనే. నువ్వు ముందు నడవొద్దు."

ఆయన గడ ముందుకు దింపాడు. గట్టిగా తగిలింది. ఒక అడుగు వేశాడు. జేబులో రాయి తొడకి తగిలింది. పక్కన కూతురి గడ దింపిన చప్పుడయ్యేదాకా ఆగి, అప్పుడు రెండో అడుగు వేశాడు.