ఎర్ర సబ్బు బిళ్ళ

మా అపార్టుమెంటు రెండో అంతస్తులో ఉండే రమాదేవి గారు మొన్న సోమవారం పొద్దున్నే ఒక అట్టపెట్టె మోసుకొచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టి మూత తీసేసరికి, అప్పుడే కలిపిన కాఫీ వాసనని కూడా తొక్కేస్తూ గుప్పుమని ఎర్ర సబ్బు వాసన కొట్టింది. ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్ళూ కలిసి కొండపల్లి అవతల ఒక తండాలో పిల్లలకి ఆదివారం బడి నడుపుతున్నారట. ఈసారి పలకలతో పాటు తలా ఒక సబ్బు బిళ్ళ పంచుతారట. "మీరూ రండి చెంచమ్మగారూ. నర్సుగా చేశారు గదా, శుభ్రం గురించి నాలుగు ముక్కలు చెబుదురుగాని," అంది. పాపం, మంచి మనిషే. అయినా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. యాభై ఏళ్ళయినా ఆ వాసన తగిలితే నాకు ఇంతే.

నేను యానాదుల పిల్లని. పామర్రుకి రెండు కోసుల దూరంలో, కాలవ గట్టుకీ వరిచేలకీ మధ్య ఎవరికీ అక్కర్లేని జాగాలో మా గూడెం ఉండేది. చేలో ఎలకలు పడ్డాయంటే కామందులు మా నాయన పోలయ్య కోసం మనిషి మీద మనిషిని పంపేవాళ్ళు, పని అయిపోయాక మా నీడ వాళ్ళ బావి గట్టు మీద పడిందని అదే నోటితో తిట్టేవాళ్ళు. వాళ్ళ సంగతి పక్కన పెడితే మా బతుకులో రుచికేం తక్కువ లేదు. కాలవకి కొత్తనీళ్ళు వదిలినప్పుడు ఎదురెక్కే మట్టగిడసల్ని ఊతగంపలతో మూసి పట్టుకోవడం, ముసురు పట్టి గట్టంతా జారుడుబల్ల అయినప్పుడు పొయ్యి చుట్టూ చేరి ఉప్పూ కారం వేసి ఉడికించిన నత్తల్ని ముల్లుతో లాక్కు తినడం, తాటిబుర్రలకి పుల్లలు గుచ్చి గట్టు ఈ చివరినుంచి ఆ చివరికి బండ్లు తోలడం, మంచు రోజుల్లో తంపట వేసిన తేగల్ని ఒలిచి నారలు పళ్ళతో పీకి పారేయడం, ఇవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు నోరూరుతుంది. బాల్యం తియ్యనిది అంటారు గదా, మాదీ తియ్యనిదే. చేదంతా బయటినుంచి వచ్చేది.

అలా బయటినుంచే ఒక ఏడాది బడి కూడా వచ్చింది. బెజవాడలో కలిగినింటి అమ్మగార్లు కొందరు కమిటీగా ఏర్పడి మా గూడెం చివర తాటాకు పాక ఒకటి వేయించి, పామర్రు నుంచి సుగుణ టీచరుని పెట్టారు. ఆవిడ క్రైస్తవుల అమ్మాయి, ఎస్సెల్సీ ప్యాసయి ఇంట్లో ఉంది, పెద్దగా జీతం ఆశించకుండా ఒప్పుకుంది. రోజూ గొడుగు వేసుకుని, బురదకి చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టెమ్మట నడిచొచ్చేది. పండక్కి వాళ్ళింట్లో వండిన అరిసెలు గుడ్డలో మూటగట్టి తెచ్చి, ముక్కలు చేసి అందరికీ పెట్టేది. ఆవిడ మంచిదే. కానీ కమిటీ రూలు ఒకటి ఉండేది: శనివారం పాఠానికి ముందు పిల్లలందరికీ సబ్బుతో ఒళ్ళు రుద్దాలి. తెల్లారి లేస్తే పొద్దుగూకే దాకా కాలవలోనే మునిగి తేలే పిల్లలం మేము. మమ్మల్ని వరసగా రేవులో నిలబెట్టి, కళ్ళు మండేలా ఆ ఎర్ర సబ్బు నురగ పట్టిస్తుంటే, గట్టు మీద వెళ్ళే ఊరి పిల్లలు ఆగి చూసి నవ్వేవాళ్ళు. మా బడిలో అఆల కంటే ముందు నాకు వచ్చిన పాఠం, నేను మురికిదాన్నని.

ఊళ్ళో కామందులకి ఈ బడి కంట్లో నలుసయింది. ఒక పెద్ద కామందు అయితే సైకిలు ఆపి పాకలోకి తల పెట్టి మరీ అడిగాడు.

"యానాదోళ్ళకి సదువులొస్తే మా చేలల్లో ఎలకలెవరు పడతారే సుగుణా? నువ్వు పడతావా?"

ఆవిడ బోర్డు వైపు తిరిగి గుణింతం రాసుకుంటూనే ఉంది. ఊళ్ళో సర్కారు బడి ఉంది, అందులో మాకు వరండా కూడా ఇవ్వలేదు. తీరా మా గూడెంలో మాకొక పాక ఉంటే దాన్నీ ఓర్వలేకపోయారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటే ఇదే.

నాకు మాత్రం అక్షరాలంటే ఆకలి. తుమ్మముల్లుతో గట్టు మీద రాసేదాన్ని, సంతనుంచి పకోడీలు చుట్టుకొచ్చిన కాయితాల్ని నూనె మరకలతో సహా చదివేదాన్ని. రెండో ఏడు పుష్యమాసం వస్తోందనగా టీచరు నన్ను పిలిచి, ఈసారి కమిటీ అమ్మగార్లు స్వయంగా బడి చూడ్డానికి వస్తున్నారనీ, బాగా చదివే ఒక్క పిల్లని ఎంచి బెజవాడ హాస్టల్లో వేసి పెద్ద చదువు చెప్పిస్తారనీ, తను నా పేరే రాసి పంపిందనీ చెప్పింది. ఆ రోజంతా నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అమ్మకి చెబితే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని తలకి ఆముదం రాసింది.

పుష్యం మా మాసం. ఆ సంగతి బెజవాడ వాళ్ళకి తెలీదు, తెలుసుకోవాలని కూడా వాళ్ళకి తోచలేదు. కోతలయ్యాక చేల గట్లలో ఎలక కలుగుల నిండా వరి కంకులుంటాయి. ఆ కలుగు తవ్వినవాడిదే ఆ ధాన్యం. అప్పుడు తవ్వి దాచుకుంటే మూడు నాలుగు నెలలు ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ పని ఒక్క పెద్దవాళ్ళ వల్లే అయ్యేది కాదు. కలుగుకి ఉన్న దారులన్నీ వెతికి మట్టితో మూసి, ఒక్కదాని దగ్గర గడ్డి కుక్కిన ఊదర కుండ పెట్టి నాయన పొగ ఊదితే, మూతపడని దారేదన్నా ఉంటే కాచుకోవాల్సిందీ, లోపలికి చెయ్యి పట్టక పెద్దవాళ్ళు ఆగిపోయిన చోట భుజం దాకా చెయ్యి దూర్చి కంకులు లాగాల్సిందీ పిల్లలే. నాయన మాత్రం ఒక గుప్పెడు కంకులు కలుగులోనే వదిలి పైన మట్టి కప్పేవాడు. "మళ్ళీ ఏడు కూడా మనం రావాల గదమ్మే," అనేవాడు. ఎండాకాలం మాకు పని లేదు, చదువుకి తెరిపి ఉన్నది అప్పుడే. బెజవాడలో ఎండలని మా బడికీ అప్పుడే సెలవులిచ్చి, సరిగ్గా మేము చేలో ఉండే నెలలో హాజరు చూడ్డానికి బయల్దేరారు.

గురువారం వస్తారని బుధవారం టీచరు అందరికీ చెప్పింది. తలలు దువ్వుకుని, పొద్దున్నే పాకలో ఉండాలంది. ఇంటికెళ్ళి ఆ మాట నేనే నాయనకి చెప్పాను. చెప్పి ఊరుకోకుండా, "అంత దూరం నుంచి వస్తన్నారు గదా నాయనా, ఏం పెడతాం?" అని అడిగాను. ఇప్పటికీ ఆ మాట అడిగిన నా నోరంటే నాకు కోపమే. గడప తొక్కిన మనిషిని ఉత్త నోటితో పంపడం మా గూడెంలో లేదు. సంత నూకలు చుట్టాలకి వండం. కలుగు వడ్లు దంచిన బియ్యం ఉన్నాయి, వాటి తీపి మరే బియ్యానికీ రాదు. కూర మాత్రం ఏ పూటది ఆ పూట పట్టి తేవాలి. గూడెం పెద్దలంతా మాట్లాడుకుని, కోడి కూతకే అందరం చేలోకి దిగి, ఎండ ఎక్కకముందే వచ్చేద్దామని తేల్చారు. బెజవాడలో బస్సెక్కి, పామర్రులో దిగి, నడిచి వచ్చేసరికి ఎంత లేదన్నా మిట్టమధ్యాహ్నం అవుతుందని మా లెక్క. వాళ్ళకి వ్యానుంటుందని మాకు తట్టలేదు.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా పట్టిందంటే గడ్డి అంటుకోక, ఊదర కుండ ఊదీ ఊదీ నాయన కళ్ళు చింతనిప్పులయ్యాయి. అయినా పిల్లలం ఒక్కరం కూడా విసుక్కోలేదు. అమ్మగార్లకి కొవ్విన ఎలకలే కావాలని చిన్నవాటిని వదిలేస్తూ, ఏ ఇంటి దగ్గర ఆకులు వెయ్యాలో పోట్లాడుకుంటూ, చేతికందిన వాటిని తోకలు కలిపి దారంతో కట్టుకుంటూ ఒక చేలోంచి ఇంకో చేలోకి పోయాం. ఎండ వచ్చాక తలెత్తి చూస్తే మా గూడెం దగ్గర తెల్ల వ్యాను కనపడింది.

గట్టెమ్మట పరిగెత్తాను. నేను చేరేసరికి వాళ్ళు పాక చూసేసి మళ్ళీ వ్యానెక్కేశారు. పాకలో సుగుణ టీచరు తప్ప పురుగు లేదు గదా, ఏం చూస్తారు. టీచరు నన్ను చూసి, "ఈ పిల్లేనండీ నేను రాసింది," అంది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మగారు నన్ను పైనుంచి కిందికి చూసింది. మోచేతుల దాకా బురద, నెత్తిన బూడిద, చేతిలో గుత్తిగా ఎలకలు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"బడి ఎగ్గొట్టి ఎలకలు పడుతున్నావా?"

"మీ కోసమేనండీ," అన్నాను. గుత్తి ఇంకాస్త ఎత్తి చూపించాను.

లోపల ఎవరో ఓక్ మన్నారు. ఆ అమ్మగారు టీచరుతో, "ముందు వీళ్ళకి శుభ్రం రావాలి సుగుణా. చదువు తర్వాత మాట," అని, సీటు కింద పెట్టెలోంచి ఒక సబ్బు బిళ్ళ తీసి నా ఖాళీ చేతిలో పెట్టింది. వ్యాను వెళ్ళిపోయింది. నాయన అప్పుడే వచ్చాడు, రొప్పుతూ, "అప్పుడే పోతన్నారేంటమ్మే, అన్నం తినకుండా," అని వ్యాను వెనకాల నాలుగడుగులు వేశాడు. ఆ నాలుగడుగులకి నేను ఇప్పటికీ ఎవరినీ క్షమించలేదు.

ఒక్కొక్కరే పిల్లలంతా వచ్చాక సుగుణ టీచరు కాళ్ళు కూడా కడుక్కోనివ్వకుండా మమ్మల్ని పాకలో కూర్చోబెట్టి హాజరు పట్టీ తీసింది. పొద్దున ఆ అమ్మగారు తన ముందే అందరికీ సున్నాలు చుట్టించిందట. ఆ పేజీ మీదే మా పేర్లన్నీ మళ్ళీ పిలిచింది. బురద చేతులెత్తి అందరం "వచ్చానండీ" అన్నాం. ఒక్కరూ తక్కువ కాలేదు. వినాల్సిన వాళ్ళు అప్పటికి పామర్రు దాటి ఉంటారు. తర్వాత మా ఇంట్లో ఆకు వేసి పెడితే ఆవిడ కూర్చుని పచ్చిపులుసుతో అన్నం తింది, కూర ముట్టలేదు. ఆ మాత్రానికే నాయన పొంగిపోయాడు. నేను పొంగలేదు, ఆవిడ ఆకు చివర మిగిలిపోయిన కూరనే చూస్తూ కూర్చున్నాను.

నెల తిరక్కుండా బడి ఎత్తేశారు. ఈ జనానికి చదువు మీద ఆసక్తి లేదని రాశారట. కామందు మా పాక తాటాకులు విప్పించి తన గొడ్లచావిడికి కప్పించుకున్నాడు. ఆ సబ్బు బిళ్ళని నేను కాలవలోకి విసిరేస్తే అమ్మ నడుం లోతు నీళ్ళలో దిగి వెతికి తెచ్చింది, "వస్తువు మీద కోపమేందే," అంటూ. అది అరిగిపోయే దాకా ఇంట్లో అందరూ రుద్దుకున్నారు, నేను తప్ప. రెండేళ్ళ తర్వాత సుగుణ టీచరే నాయన్ని వెంటబెట్టుకుని పామర్రు హెడ్మాస్టరుతో పోట్లాడి నన్ను బళ్ళో వేసింది. నాకంటే పొట్టి పిల్లల మధ్య, వెనక బెంచీలో మొదలుపెట్టి నర్సునయ్యాను. దానికి ఆ వ్యాను వాళ్ళకి నేనేమీ రుణపడి లేను.

రమాదేవి గారికి ఇదంతా చెప్పాను. ఇప్పుడు మా గూడెం వైపు చేలన్నీ చేపల చెరువులయ్యాయి, మిగిలిన చేలల్లో మిషన్లు కోస్తున్నాయి, గట్ల వెంట మందు బిళ్ళలు చల్లాక కలుగులూ లేవు, వాటిలో కంకులూ లేవు. నాయనా లేడు, ఊదర కుండ ఎలా ఊదాలో తెలిసిన వాళ్ళు గూడెంలో ఇద్దరు ముగ్గురు ముసలాళ్ళు. ఆ బియ్యం తీపి ఎలా ఉంటుందో ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మరు.

"మరి నన్నేం చెయ్యమంటారండీ?" అంది ఆవిడ, కాఫీ కప్పు చల్లారబెట్టుకుని.

"సబ్బులు ఇక్కడే ఉంచండి. తండా వాళ్ళకి ఏ పూట పని లేదో కనుక్కుని ఆ పూట వెళ్దాం. వాళ్ళు ఏం పెడితే అది కింద కూర్చుని తిందాం, ఆకులో ఏమీ వదలకుండా. మీరు తింటానంటే చెప్పండి, వస్తాను."

ఆలోచించి చెబుతానని లేచింది. నాలుగు రోజులయింది. పెట్టె బల్ల మీదే ఉంది, ఇల్లంతా అదే వాసన. ఎల్లుండే ఆదివారం. ఆవిడ ఇంకా ఏమీ చెప్పలేదు.