లెఫ్ట్‌కివ్వమని అరిచిన అక్క

అక్క పోయిందన్న కబురు మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మధ్యాహ్నం దాకా లిఫ్టు పనిచెయ్యదన్న మెసేజికీ, నీళ్ళ ట్యాంకు కడుగుతారన్న మెసేజికీ నడుమ ఒకే ఒక వాక్యం. ఇంతకుముందు ఇక్కడుండి వెళ్ళిన నర్సు సిస్టరు అమలాపురంలో కన్నుమూశారని. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు కొన్ని. ఖలాస్. షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగులో సగం మంది పిల్లల నుదుళ్ళు తాకి జ్వరం చూసిన చెయ్యి ఆమెది. ఆ మనిషికి దక్కింది ఒక వాక్యం! నాకు ఒళ్ళు మండింది. దుఃఖం కంటే ముందు నాకు కోపం వస్తుంది. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది అక్కకే.

మాది ఎదురు ఫ్లాటు. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది. కోనసీమ నుంచి నర్సుగా వచ్చి, ఉద్యోగ జీవితమంతా ఇక్కడి ఆస్పత్రి వార్డుల్లోనే గడిపింది. ఆదివారం చర్చి నుంచి వస్తూనే మా తలుపు తట్టేది. పత్రికలో నా వ్యాసం వచ్చిన వారమైతే మరీ. “ఈ వారం ఎవర్ని తిట్టేవు తమ్ముడూ?” అంటూ సోఫాలో కూలబడేది. నేను వాదన మొదలుపెట్టగానే నా మణికట్టు పట్టుకుని, రెండో చేతి గడియారం వంక చూసేది. “చెప్పు, చెప్పు, వింటున్నా. నాడి మాత్రం పరుగులెడుతోంది” అనేది. ఇక వాదించేదేముంటుంది?

అంత నెమ్మదస్తురాలికి ఫుట్‌బాల్ గ్రౌండులో పూనకం వచ్చేది.

ఆ రోజుల్లో మా అమ్మాయి తన కాలేజీ ఆడపిల్లల జట్టులో ఆడేది. మాస్కులు తీసేసి మళ్ళీ మైదానాల్లోకి వస్తున్న కాలం. మా ఆవిడకు సాయంత్రాలు డ్యూటీ. అందుకని ప్రతి మ్యాచికీ నేనూ అక్కా వెళ్ళేవాళ్ళం. బెంచీలు ఎండకు కాగి ఉండేవి. అక్క పెద్ద తువ్వాలు తెచ్చి, ఇద్దరికీ సరిపడా నాలుగు మడతలు వేసి పరిచేది. ఒళ్ళో ఆరెంజి ముక్కల డబ్బా. ఆట నియమాలేవీ ఆమెకు సరిగ్గా తెలియవు. ఆఫ్‌సైడ్ అంటే చివరిదాకా అర్థం కాలేదు. తనకు నచ్చనిదల్లా ఫౌలే.

కానీ ఆ జట్టు ఎందుకు ఓడిపోతోందో తెలుసుకోవడానికి నియమాలు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. మా కోచ్‌కు ఉన్నది ఒకే ఎత్తు. వెనక నుంచి బంతిని ఆకాశంలోకి తన్నాలి, ముందు నిలబడ్డ పొడుగమ్మాయి తలతో అందుకోవాలి. మొదటి మ్యాచిలో అది పనిచేసింది. ఆ తర్వాత అవతలి జట్లన్నీ ఆ పిల్ల చుట్టూ ముగ్గుర్ని నిలబెట్టడం మొదలెట్టాయి. అయినా బంతి అక్కడికే. మళ్ళీ అక్కడికే. ఎడమ అంచున మా అమ్మాయి చెయ్యెత్తి నిలబడి ఉండేది, చుట్టూ పురుగు కూడా లేకుండా. ఒకసారి దెబ్బతిన్న దారిలోనే పదేపదే జనాన్ని నడిపించే పెద్దమనుషుల మీద నేను బోలెడు రాశాను. వాళ్ళంతా కలిసి ట్రాక్ సూట్ వేసుకుని వచ్చినట్టు ఉండేవాడు ఆ కోచ్.

“లెఫ్ట్! లెఫ్ట్‌కివ్వండే!” అక్క లేచి నిలబడి అరిచేది. “అయ్యో, మళ్ళీ పైకే తన్నేరు! ఆ కొంగల్నేమైనా కొడతారేంటే!”

మా వెనక వరసలో ఓ హైదరాబాద్ పెద్దాయన నవ్వలేక చచ్చేవాడు. “కోచ్ సాబ్‌కు లెఫ్ట్ దిక్కు కనిపిస్తలేదు సిస్టర్, మీరే కళ్ళద్దాలు రాసియ్యాలె” అనేవాడు.

“రాసిస్తా, పెట్టుకుంటాడా అని!” అనేది అక్క.

ఆ సీజన్‌లో చివరి మ్యాచి రోజు కారులో మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది: “ఇదే ఆఖరు నాన్నా. బంతి రాని చోట నిలబడ్డానికి నేనెందుకు? రేపు జెర్సీ ఇచ్చేస్తా.” పిల్ల ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. అది చూసి ఇంకా భయం వేసింది. ఏడేళ్ళప్పటి నుంచి ఆ బంతి వెంటే పరిగెత్తిన పిల్ల. వెనక సీట్లో అక్క డబ్బా మూత సరిచేసుకుంది.

ఆట సగం అయ్యేసరికి ఒక గోలు వెనకబడి ఉన్నాం. నేను లేచాను. కోచ్‌తో తాడోపేడో తేల్చుకుందామని.

“ఎక్కడికి?” అంది అక్క.

“అడగడానికి. నలుగురిలో నిలదీస్తే గానీ ఇలాంటివాళ్ళకు ఎక్కదు.”

“నిలదీస్తే నువ్వు గెలుస్తావు తమ్ముడూ, పిల్లని బెంచీ మీద కూర్చోపెడతాడు. ఊరుకో. నేనెళ్తా.”

ఆరెంజి ముక్కల డబ్బా పట్టుకుని, వార్డులో రౌండ్‌కు వెళ్ళినట్టు నెమ్మదిగా నడిచింది. మనసాగక వెనకే వెళ్ళాను. పిల్లలకు ముక్కలు పంచి, కోచ్‌కూ ఒకటిచ్చి, అతి మామూలుగా హిందీలో అంది: “సర్, పోయినసారి మీరే అన్నారు కదా, లెఫ్ట్ ఖాళీగా ఉంటోందని. ఇవాళ కూడా ఖాళీగానే ఉంది. ఇప్పుడు అటు ఆడిస్తారా?”

కోచ్ నమలడం ఆపాడు. ఎడమ అంచు వంక చూశాడు. “హా సిస్టర్, వహీ ప్లాన్ హై” అన్నాడు.

ఆయన ఎప్పుడూ అనలేదు! ఒక్కనాడూ అనలేదు!

రెండో సగంలో బంతి మా అమ్మాయి దగ్గరికి వచ్చింది. మొదటిసారి తడబడి పోగొట్టుకుంది. తర్వాత బయటికి తన్నేసింది. ఆ తర్వాత అంచు వెంట పరిగెత్తి, తలెత్తి చూసి, మధ్యలోకి కొట్టింది. ముగ్గురూ ఇటు తిరిగిపోయారు గదా, పొడుగమ్మాయి ఒంటరిగా ఉంది. తల వంచింది. గోలు. అక్క తువ్వాలు గాల్లోకి విసిరింది. ఆట సమానంగా ముగిసింది. మా అమ్మాయి జెర్సీ తిరిగివ్వలేదు. చదువు పూర్తయ్యేదాకా ఆడింది.

నేను మాత్రం తిరుగుదారంతా గొడవే. కోచ్ అందరితో తన ప్లానని చెప్పుకుంటున్నాడు మరి. “ఇది తప్పక్కా! నీ మాటను ఆయన మాటగా చేసి నెత్తిన పెట్టావు. ఇలాగే కదా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళుగా మిగిలేది?”

“ఆస్పత్రిలో ఇదే పద్ధతి తమ్ముడూ. డాక్టరు పొరపాటు రాస్తే ‘తప్పండీ’ అనం. ‘మీరు రెండోది అనుకున్నారేమో, అది తెమ్మంటారా?’ అంటాం. ఆయన తెమ్మంటాడు. పేషెంటు బతుకుతాడు.”

“పేరు ఆయనకొస్తుంది! జీవితమంతా పేరు వాళ్ళకే వచ్చింది, నీకు తెలుసా?”

అల్ కుసైస్ సిగ్నల్ దగ్గర ఆగాం. “నాకు తెలీదనుకున్నావా?” అంది అక్క. “ఎన్ని మింగేనో నాకే తెలుసు. వార్డులో గొంతు లేపకూడదు కదా. అందుకే గ్రౌండుకొచ్చి అరుస్తున్నా. నువ్వు నీ పిల్ల కోసం వత్తున్నావు. నేను అరవడానికి వత్తున్నా, ఆయ్.”

వెనక సీట్లో నిద్రపోతున్న మా అమ్మాయి జుట్టు సవరిస్తూ ఆ మాట అంది. పచ్చ లైటు పడింది, కారు ముందుకు పోనిచ్చాను.

ఆ పద్ధతి మీద నాకు ఇప్పటికీ ఒప్పుదల లేదు. తెలిసిన మాటను తెలిసినట్టు చెప్పలేని వార్డు ఏ దేశంలో ఉన్నా మారాల్సిందే. అక్క ఉంటే ఈ వాక్యం దగ్గర నా మణికట్టు పట్టుకునేది. అరిచి గెలవడం నాకు తెలుసు. అరవాలని ఉండీ, ఎదుటివాళ్ళ బిడ్డ కోసం గొంతు తగ్గించుకోవడం ఆమెలోనే చూశాను. ఆ రుణం వాదనతో తీరేది కాదు.

పోయిన శనివారం మా అమ్మాయి తన పాత జట్టు ఆట చూద్దామంది. ఇప్పుడు తను ఉద్యోగం చేస్తోంది. వెళ్ళాం. బెంచీ కాగి ఉంది. తను తెచ్చిన తువ్వాలు నాలుగు మడతలు వేసి మా ఇద్దరి మధ్య పరిచింది, దాని మీద ఎవరమూ కూర్చోలేదు. కొత్త పిల్లలు, పాత కోచ్. వెనక నుంచి బంతి ఆకాశంలోకి లేచింది. ఎడమ అంచున ఎవరో పిల్ల చెయ్యెత్తి నిలబడి ఉంది. నేనూ ఊరుకున్నాను, మా అమ్మాయీ ఊరుకుంది. ఎవరూ అరవలేదు.

కోచ్ వెనక్కి తిరిగి మా వరస వైపు చూశాడు. బంతి కింద పడి, అవతలివాళ్ళ కాళ్ళకు చిక్కి, చాలా దూరం వెళ్ళిపోయింది. ఆయన ఇంకా ఆ తువ్వాలు వైపే చూస్తున్నాడు.