జోకు కంటే ముందొచ్చిన నవ్వు

మొన్న ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వెళ్లే బస్సులో నా ముందు సీటావిడ ఫోన్లో ఏదో చూసుకుంటోంది. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు. బస్సంతటికీ వినిపించాలన్న ఉదారబుద్ధి కాబోలు. ఏదో ఒక మాట అనబోయాను. అంతలో ఆ ఫోన్లోంచి ఒక ఈల, దాని వెనకే డోలు దరువు, చివర్న తలుపు ధడాలున వేసిన చప్పుడు వచ్చాయి. ఏడున్నర సీరియల్ మొదలయ్యే సంగీతం. నా తల దానంతటదే ఎడమవైపుకు తిరిగింది. అక్కడ కిటికీ ఉంది, కిటికీ అవతల శనగచేలు ఉన్నాయి. కానీ ఆ సంగీతం వినబడితే నా ఎడమవైపు ఒక గోడ ఉండాలి. గోడ అవతల ఎలీశమ్మ టీచరు ఉండాలి. జోకు నా చెవిన పడకముందే ఆమె నవ్వు పడాలి.

ఆ సీరియల్‌కు పేరు వేరే ఉంది. మా వీధిలో మాత్రం అది వచ్చే టైమును బట్టి ఏడున్నర అనేవాళ్లు. హైదరాబాదులో ఒక ఇల్లు, అందులో రిటైరైన తండ్రి, ఆయన మాట చెవిన పెట్టని పెళ్లాం, ఇల్లరికపు అల్లుడు, పైవాటాలో అద్దెకున్న అమ్మాయిని ఏళ్ల తరబడి ప్రేమిస్తూ ఆ ముక్క నోటితో చెప్పలేని చిన్నకొడుకు చంటి. రోజుకొక తిప్పలు, అరగంట నవ్వులు, మళ్లీ రేపు. నేను చూడడం మొదలుపెట్టేనాటికే అది కొన్నేళ్లుగా నడుస్తోంది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అలాంటి సీరియల్ నా బతుకులో ఇంత చోటు ఆక్రమిస్తుందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని అని రాయబోయాను. అది అబద్ధం. అప్పట్లో నేను నవ్వేదాన్ని కాదు.

మాది సింహాద్రిపురం దగ్గర పల్లె. మా నాయనకు గొర్రెలున్నాయి, కాస్త చేను ఉంది. పులివెందులలో డిగ్రీ చదువుతూ నేను ప్రసాదును ఇష్టపడ్డాను. అతనిది మా కులం కాదు. పెళ్లి చేసుకుని ఇంటికి వెళ్లిన రోజు నాయన కొట్టలేదు, తిట్టలేదు. "ఇంగ నాకు కూతురు లేదు" అని ఆ ఒక్క మాట అని, కర్ర తీసుకుని గొర్రెల వెంట వెళ్లిపోయాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని చాలాకాలం అనుకున్నాను. తిట్టిన నోరు ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తుంది. మూసుకున్న నోటితో ఏం చెయ్యాలి?

ప్రసాదుకు ముద్దనూరు అవతల కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. జమ్మలమడుగులో ఒక బండల మిద్దెకు నడిమిన గోడ పెట్టి రెండు వాటాలు చేశారు, అందులో ఒకటి మేం అద్దెకు తీసుకున్నాం. ఇంటాయన పొదుపరి. గోడను కప్పుదాకా లేపకుండా పైన జానెడు సందు వదిలేశాడు. పక్కవాటాలో మిరపకాయ పోపు వేస్తే మాకు దగ్గొచ్చేది. ప్రసాదు రెండో షిఫ్టుకు పోయాక నేను ఒక్కదాన్నే కూర్చుని ఉంటే, సరిగ్గా ఏడున్నర దాటగానే గోడ అవతలి నుంచి నవ్వు మొదలయ్యేది. మామూలు నవ్వు కాదు. ముందు ఒక కేక, ఆ తర్వాత బిందె ఒలికినట్టు గలగల, చివర్న దగ్గు, ఆ దగ్గులోంచి "ఓ దేవా" అన్న మాట. ఏడ్చే ఇంటి పక్కన ఇదేం నవ్వని నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఓర్చుకోలేక వెళ్లి తలుపు కొట్టాను.

తెల్లచీర కట్టుకున్న ఒక పొట్టి మనిషి తలుపు తీసింది. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన ఎలీశమ్మ. తమ్ముళ్లను, చెల్లెళ్లను ఒడ్డున పడేసే సరికి తనకు పెళ్లీడు దాటిపోయిందని వీధిలో చెప్పుకునేవాళ్లు.

"టీచరమ్మా, సౌండు కొంచెం తగ్గిస్తారా?" అన్నాను.

"టీవీదా, నాదా?"

తడుముకున్నాను. "మీదే."

"టీవీకయితే బటనుంది. నాకు పెట్టలేదు మే దేవుడు. రా, వచ్చి కూర్చో. నిలబడి కొట్లాడితే కాళ్లు నొప్పి."

కొట్లాడడానికి పోయినదాన్ని పీట మీద కూర్చున్నాను. ఆ రోజు సీరియల్లో షుగరున్న తండ్రి మురుకులు ఎవరికీ కనబడకుండా హెల్మెట్లో దాచుకున్నాడు. అల్లుడు అది చూడకుండా ఆ హెల్మెట్ పెట్టుకుని ఆఫీసుకు పోయాడు. నాకు నవ్వొచ్చింది. గబుక్కున చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె టీవీ మీంచి చూపు తిప్పకుండానే అంది, "చెయ్యి తియ్యి. నోరేమన్నా దొంగతనం చేసిందా మూసి పెట్టడానికి? చిన్నప్పుడు బోర్డింగులో మేం గట్టిగా నవ్వితే మోకాళ్ల మీద నిలబెడతాండ్రి. పంతులమ్మ అయినాక పిల్లకాయలు భయపడరని నేనే నవ్వకుంటి. అన్నేండ్లది మిగిలిపోయింది. ఇప్పుడు నవ్వుతాండా. నువ్వు ఇప్పట్నుంచే మిగిల్చుకోవద్దు."

రోజూ వచ్చి కూర్చోమంది. కానీ ఆ సమయానికి నేను ఇంట్లోనే ఉండాలి. మా అమ్మ నాయనకు తెలియకుండా ఫోన్ చేసేది ఏడున్నరకే. ఆ అరగంట నాయన టీవీ ముందు నుంచి కదలడు. గొర్రె ఈనినా కదలడని అమ్మ అనేది. అమ్మ వసారాలో కూర్చుని గుసగుసగా మాట్లాడుతుంటే, ఆ గుసగుసల వెనకనుంచి నాయన నవ్వు వినిపించేది. మొదటిసారి విన్నప్పుడు ఫోన్ పెట్టేసి టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"మా నాయన నవ్వుతాండాడు టీచరమ్మా. నేను లేకున్నా నవ్వుతాండాడు."

ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఆమెకు ఓదార్చడం చేతకాదు. "దేనికి నవ్వినాడు?" అని అడిగింది.

"నాకేం తెల్సు?"

"మరి తెల్సుకో. మీ నాయన ఇంట్లోకి రానీకపోతే పాయె. ఆయన చూసే సీరియల్లోకి పోతే ఎవురడ్డం? టీవీ పెట్టుకోని కూర్చో పో."

అలా మొదలైంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మా ఇంట్లో నేను ఏడున్నర చూసేదాన్ని. నాయన నవ్వితే ఆయన దేనికి నవ్వాడో నాకు తెలిసేది. దాంట్లో ఇంకో తమాషా ఉంది. టీచరమ్మది కేబుల్, మాది డిష్. మా పల్లెలో నాయనదీ డిష్షే. కేబుల్లో బొమ్మ మాకంటే కాస్త ముందొచ్చేది. ముందు గోడ అవతల టీచరమ్మ నవ్వేది, తర్వాత మా టీవీలో జోకు వచ్చేది, అప్పుడు ఫోన్లో నాయన నవ్వేవాడు. ఆ రెండు నవ్వుల మధ్య నేను గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. నవ్వు మాత్రం గొంతుదాకా వచ్చి ఆగిపోయేది.

మూడో ఏట నాకు కడుపొచ్చింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. మా వైపు అది మర్యాద అని కాదు, నాకే అమ్మ కావాలనిపించింది. అమ్మ చేతి ఊరిబిండి పచ్చడితో సంగటి ముద్ద తినాలని, ఆ వసారాలో పడుకోవాలని రోజూ మనసు పీకేది. కానీ నాయన పిలవందే ఆ గడప ఎలా తొక్కాలి? అమ్మ ఎన్నిసార్లు కదిపినా ఆయన లేచి గొర్రెల దొడ్డికి పోయేవాడు.

ఒకరోజు వాన వచ్చి అమ్మ వసారాలో కూర్చోలేక ఇంట్లోంచే ఫోన్ చేసింది. వాన చప్పుడుకు ఫోన్లో మాట సరిగా వినబడడం లేదని, నాయన పక్కగదిలో ఉన్న సంగతి మరిచి స్పీకరు పెట్టింది. నేను ఊరిబిండి గురించి చెప్పబోయి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు కాకుండా ఏడుస్తున్నాను. గోడ అవతల టీచరమ్మ పెద్దగా నవ్వింది. ఒక క్షణం తర్వాత అక్కడ నాయన టీవీలో జోకు వచ్చింది. మళ్లీ నవ్వు, మళ్లీ జోకు.

"ఎవురే అది, జోకు రాకముందే నవ్వేది?" నాయన గొంతు.

అమ్మ ఫోన్ కొంగు కింద దాచబోయినట్టుంది, గరగరమని చప్పుడైంది.

"లచ్చుమేనా?"

మూడేళ్ల తర్వాత ఆయన నోట నా పేరు. నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"దానికి చెప్పు, కొంచెం ఆగి నవ్వమని. నాకు సీరియలంతా పాడైపాయె" అన్నాడు. ఆ వెంటనే, "ఫోను ఈడ పెట్టు, టీవీ కాడ" అన్నాడు.

ఆ రోజు నుంచి అమ్మ ఫోన్ టీవీ పక్కన స్టూలు మీద ఉండేది. నాయన నాతో ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. నవ్వు వినేవాడు, తర్వాత జోకు చూసేవాడు. నా నవ్వు ఎలా ఉంటుందో ఆయన మరిచిపోయాడో, మూడేళ్లలో ఇలా మారిందనుకున్నాడో నాకు తెలియదు. అది నాది కాదని చెబితే ఫోన్ అక్కణ్ణుంచి తీసేయిస్తాడని భయం. టీచరమ్మకు చెబితే ఒక్క మాట అంది. "అరువు చీరతో పెండ్లికి పోవచ్చు గాని, అరువు నవ్వుతో ఎన్నాళ్లు పోతావు మే? నీది నువ్వు నవ్వు." ప్రయత్నించాను. పిల్లి తుమ్మినట్టు వచ్చింది.

నాకు ఏడో నెల నడుస్తుండగా టీచరమ్మ కంటి ఆపరేషనుకు ప్రొద్దుటూరు వెళ్లింది. గోడ అవతల చీకటి. ఏడున్నరకు జోకులు చెప్పాపెట్టకుండా వచ్చి పోతున్నాయి. అలా కొన్ని రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే నాయన. భుజాన టవలు, చేతిలో అమ్మ పంపిన టిఫిను క్యారియరు. గడప అవతలే నిలబడి ఉన్నాడు. ఆయన జుట్టు ఎప్పుడు అంత తెల్లబడిందో.

"ఏమైంది నీకు?" అన్నాడు.

"ఏం కాలేదు నాయనా."

"మరి నవ్వలేదే? మొన్నా లేదు, నిన్నా లేదు. మీ అమ్మనడిగితే బాగుందంటది. బాగుంటే నవ్వదా?" క్యారియరును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "గొర్రెల్ని ఒకరికి అప్పజెప్పి వస్తి."

నేను గోడ పట్టుకుని ఏడ్చాను. అప్పుడు నాయన గడప దాటి లోపలికి వచ్చాడు.

సాయంత్రం టీచరమ్మ ఆటోలో దిగింది. కంటికి ఆకుపచ్చ గుడ్డ. టీవీ చూడకూడదు, వినొచ్చు అన్నారట. ఆమెకు అంతే చాలు. ఏడున్నరకు నాయన మా టీవీ ముందు నేలమీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఈల, డోలు, తలుపు చప్పుడు. కాసేపటికి గోడ మీదుగా కేక, గలగల, దగ్గు, "ఓ దేవా". నాయన తల మెల్లగా గోడవైపు తిరిగింది. ఆ వెనకే మా టీవీలో జోకు వచ్చింది, ఆయన దాన్ని చూడలేదు.

"ఆమెనా?"

"ఆమే నాయనా."

"అన్నాళ్లూ?"

తలూపాను.

ఆయన టవలుతో మొహం తుడుచుకున్నాడు. "అంత బాగ నవ్వుతాందే, సుఖంగుందిలే, ఇంగ నాతో దానికేం పని అనుకుంటి. అందుకే రాకుంటి" అన్నాడు. తర్వాత నన్ను చూసి, "మరి నువ్వు నవ్విందెప్పుడు పాపా?" అని అడిగాడు.

నేను గోడవైపు చూశాను.

"గుడ్డలు సర్దుకో. ఇంటికి పోదాం."

గోడకు అటువైపు గరిటెతో టకటకా కొట్టిన చప్పుడైంది. జానెడు సందులోంచి టీచరమ్మ గొంతు. "అప్పా, ఏడున్నర అయిపోయేదాకన్నా ఉండనీ పిల్లను! చంటిగాడు ఈపొద్దు చెప్పేసేట్టుండాడు!"

నాయన ఫక్కున నవ్వాడు. ఆయన్ను చూసి నేనూ నవ్వాను. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా గుర్తు రాలేదు. చంటి ఆ రోజు కూడా చెప్పలేదు, అది వేరే సంగతి. షిఫ్టు దిగి వచ్చిన ప్రసాదుతో నాయన ఒకే మాట అన్నాడు. "పిల్లను తీస్కపోతాండా. నువ్వు ఆదివారం రా, అన్నానికి."

టీచరమ్మ నా కొడుక్కు అక్షరాలు దిద్దించింది. వాడు రెండో తరగతిలో ఉండగా, ఒక ఎండాకాలం, నిద్రలోనే వెళ్లిపోయింది. ఆమె నాకు నీతులేవీ చెప్పలేదు. పరామర్శ కూడా చేతకాని మనిషి. కానీ నేనిప్పుడు ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. క్లాసులో ఎవరైనా ఆడపిల్ల నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే పాఠం ఆపేస్తాను. చెయ్యి తియ్యి అంటాను. మిగతాది వాళ్లే చేసుకుంటారు.

బస్సులో ముందు సీటావిడ ఫోన్లో ఆ హెల్మెట్ కథే వస్తోంది. జోకు ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. ఆవిడ కంటే ముందే నవ్వేశాను, కేక పెట్టి, దగ్గొచ్చేదాకా. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. సరిగ్గా అప్పుడే నాయన ఫోన్ చేశాడు. ఆయనకు ఇప్పుడు గొర్రెలు లేవు, చెవులు కూడా అంతంత మాత్రమే. నా నవ్వు ఇంకా తగ్గలేదు. ఎప్పుడూ చేసినట్టే కాసేపు ఊరికే విన్నాడు. ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"ఇది నీదేనా పాపా?"

"నాదే నాయనా."