పదిహేడు అడుగుల కింది రాయి

దేవరాజులు చేతిబోర్లు వేసే మనిషి. మూడు కాళ్ళ ఇనుప స్టాండు, గొలుసు, పదేసి అడుగుల గొట్టాలు, అడ్డగొట్టం పట్టుకొని చుట్టూ తిరిగే నలుగురు కూలీలు, ఇదే ఆయన సామాను. ఇల్లు తమిళ ప్రాంతంలో, కనకమ్మ సత్రం అనే ఊరి దగ్గర. పని మాత్రం ఎక్కువగా పొన్నేరికి తూర్పున ఉన్న పల్లపు నేలల్లో. లారీల మీద రిగ్గులు వచ్చి చేతిబోర్ల వాళ్ళ పొట్ట కొట్టాక కూడా అక్కడ ఆయన్నే పిలిచేవాళ్ళు. ఆ నేల ఏడాదిలో నాలుగు నెలలు నీళ్ళలో నానుతుంది. రిగ్గు లారీ దిగిందంటే చక్రాలు సగానికి కూరుకుపోతాయి.

ఆయన వేసిన బోర్లకు మోటార్లు బిగించిన వాణ్ణి కాబట్టి ఆయన పద్ధతి నాకు తెలుసు. గొట్టంలో పైకొచ్చిన మట్టిని అడుగుకొక కుప్పగా గోనెపట్టా మీద వరసగా పెట్టేవాడు. ఇసుక ఎన్ని అడుగులు, బంకమట్టి ఎన్ని అడుగులు, రాయి ఎక్కడ తగిలింది, అన్నీ ఆ పూటే నోట్‌బుక్కులో రాసేవాడు. ఐదో తరగతి వరకు చదివిన తెలుగు బడి చదువు ఆయనకు ఉపయోగపడింది ఈ ఒక్కదానికే.

అక్కడ పదిహేడు అడుగుల లోతులో, కొన్ని చోట్ల పదహారులో, రాయి తగులుతుంది. ఆ ఊళ్ళల్లో దాన్ని సుక్కాంపార అంటారు. గవ్వలూ సున్నమూ కలిసి గట్టిపడిన తెల్లటి రాయి, మూడడుగుల మందం. వానలకు ఇంకిన తియ్యటి నీళ్ళన్నీ ఆ రాయి మీదే, తాంబాళంలో పోసినట్టు నిలబడతాయి. రాయి కింద వేరే నీళ్ళు. వాటికి సముద్రంతో పొత్తు ఉంది. అందుకే అక్కడ బోరు వేసేవాడు రాయి తగలగానే చెయ్యి ఆపాలి. ఎంత లోతు పోయామన్నది కాదు, ఎక్కడ ఆగామన్నదే ఆ పనిలో నేర్పు.

దేవరాజులు ఒక్కసారి ఆగలేదు.

పద్దెనిమిదేళ్ళ కింద, చెంగమ్మ అనే ఆమె ఎకరన్నర చేలో బోరు వేస్తున్నాడు. చేను పక్కనే నలభై ఇళ్ళ కాలనీ, దానికొక తాగునీటి బావి. పదిహేడుకు రాయి తగిలింది. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర రిగ్గుల ఏజెంటు నటరాజు నలుగురిలో నవ్వాడు.

"ఏం దేవరాజులన్నా, రాయి కనపడితే దండం పెట్టి వెనక్కి తిరుగుతావంట గదా? సామి అనుకున్నావా ఏంది దాన్ని?"

దేవరాజులు మర్నాడు బరువైన ఉలిగొట్టం దించాడు. మూడు రోజులు కొట్టించాడు. ఇరవై అడుగులకు రాయి పగిలింది. కింది నీళ్ళు గొట్టంలో పైకెగబాకి, భూమట్టానికి మూరెడు కిందికి వచ్చి నిలబడ్డాయి. తియ్యటి నీళ్ళు. చెంగమ్మ కర్పూరం వెలిగించి కళ్ళకద్దుకుంది.

రెండేళ్ళు బాగానే పారాయి. తర్వాత సముద్రం వైపు నుంచి ఉప్పు కింది పొరలోకి చేరి, ఆ చిల్లులోంచి మెల్లగా పైకెక్కింది. ముందు చెంగమ్మ వరి ఎర్రబడింది. తర్వాత కాలనీ బావి చెడింది. ఎందుకని జనం దేవరాజులునే అడిగారు.

"మోటారు ఎక్కువ తోడినట్టుంది" అన్నాడు ఆయన.

అది పూర్తిగా అబద్ధం కాదు కాబట్టి చెప్పడం తేలికైంది. ఆ రోజు నుంచి ఊరి నీళ్ళు చెరిపిన పేరు చెంగమ్మకు వచ్చింది. ఆమె చేను పడావు పెట్టి ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పనికి చేరింది. కాలనీ లారీ నీళ్ళకు అలవాటు పడింది.

నిరుడికి ముందు సంవత్సరం ఎండాకాలంలో ఏంజెలిన్ అనే అమ్మాయి దేవరాజులు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ పల్లంలో రాయి ఎంత దూరం పరుచుకుందో, ఎక్కడ మందమో, ఎక్కడ పలచనో మ్యాప్ గీసే పని ఆమెది. ఆ మ్యాప్ చూసి కాలనీకి కొత్త తాగునీటి బావి ఎక్కడ తవ్వాలో నిర్ణయిస్తారు. చేతిబోర్ల నోట్‌బుక్కు సంగతి ఎవరో చెబితే విని వచ్చింది. తిరుత్తణి పిల్ల. రెండు పేజీలు తిప్పి సిగ్గుపడింది.

"ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం అయ్యా. చదివేది మాత్రం రాదు. తమిళ్‌లో బోర్డు ఉంటేనే బస్సెక్కుతాను."

"దానికేం. నేను చదువుతా, నువ్వు రాసుకో."

ఆయన భార్య అలిమేలమ్మ మజ్జిగ గ్లాసులు పెడుతూ అంది: "రేషన్ కార్డు చదవమంటే కండ్లు కనపడవు. మట్టి లెక్క అయితే చూడు పాపా, పురాణం చదివినట్టు చదువుతాడు."

నలభై ఒక్క బోర్లు. ఒక్కొక్కటే చదివాడు. ఇరవై ఏడోది చెంగమ్మ చేను. కాగితం మీద ఇట్లా ఉంది: పదిహేడుకు రాయి. మూడు దినాలు కొట్టినాము. ఇరవైకి పగిలింది. నీళ్ళు పైకి ఎక్కినాయి.

వేలు ఆ వరుస మీదే పెట్టి, "పదిహేడుకు రాయి, ఆపేసినాము" అని చదివాడు. ఏంజెలిన్ రాసుకుంది. ఆయన పేజీ తిప్పాడు.

వారం తర్వాత నేల మీద కొలతలు మొదలయ్యాయి. నాలుగు ఇనుప మేకులు వరసగా దిగ్గొట్టి, వైర్లు కలిపి, నేలలోకి కరెంటు పంపుతారు. కొలత పెట్టె మీద అంకె వస్తుంది. కింద దట్టమైన రాయి, దాని మీద తియ్యటి నీళ్ళు ఉంటే అంకె పెద్దది. ఉప్పు నీళ్ళుంటే పడిపోతుంది. తోడుగా రమ్మంటే దేవరాజులు పోయాడు. ఎనిమిది రోజుల్లో ఎక్కడ కొలిచినా రాయి లోతు ఆయన నోట్‌బుక్కుకు అరడుగు తేడాలో ఉంది.

తొమ్మిదో రోజు చెంగమ్మ చేలోకి వచ్చారు. ఆ రోజు వైర్లు పట్టుకునే పనికి క్యాంటీన్‌కు సెలవు పెట్టి చెంగమ్మే వచ్చింది. మూడు చోట్ల కొలిచారు. మూడు చోట్లా అంకె అడుగంటింది.

ఏంజెలిన్ చాలాసేపు చూసింది. "ఈ మోటారు ఆగి పన్నెండేళ్ళు దాటింది. కింద రాయి బాగుంటే ఇన్ని వానలకు పైన ఉప్పు కొట్టుకుపోయి ఉండాల. ఈ రీడింగ్ ఏమో ఉప్పు కింద నుంచే వస్తా ఉండాదంటుంది." వైర్లు ఒకసారి లాగి చూసింది. "ఒకటి నా పెట్టె తప్పు కావాల, లేకపోతే మీ పుస్తకం తప్పు కావాల. నలభై బోర్లలో మీ చెయ్యి ఒక్క అడుగు తప్పలేదు అయ్యా. పెట్టే తప్పు. వైరు యాడో తడిసింది."

పెన్ను తీసి మొదటి అంకె మీద గీత కొట్టింది. ఇక మ్యాప్‌లో రాయి గీత అక్కడ తెగకుండా నేరుగా పోతుంది. కొత్త బావి ఆ చేను పక్కనే వస్తుంది. నలభై ఇళ్ళవాళ్ళు మళ్ళీ ఉప్పు తోడుకుంటారు. ఇవన్నీ దేవరాజులుకు ముందే తెలుసు. తెలిసీ రెండు వారాలు ఊరకే ఉన్నాడు. కానీ సరిగ్గా తీసిన కొలతను తన మాట నమ్మి ఒక పనిమంతురాలు కొట్టెయ్యడం కళ్ళారా చూసి ఓర్చుకోలేకపోయాడు.

"కొట్టెయ్యొద్దమ్మా."

"ఏం అయ్యా?"

"పెట్టె సరిగానే చెప్పింది. పుస్తకంలోనూ సరిగానే ఉండాది. నేను నీకు చదివిందే అబద్ధం."

తర్వాత చెంగమ్మ వైపు తిరిగాడు. "చెంగమ్మా, నీ బోరు రాయి మీద ఆపలేదు. పగలగొట్టినా. ఆ చిల్లులోంచే ఉప్పు ఎక్కింది. తప్పు నీ మోటారు మీదికి తోసినా."

చెంగమ్మ చేతిలో వైరు చుట్ట అట్లాగే ఉంది.

"పద్నాలుగేళ్ళన్నా" అంది. "లారీ నీళ్ళ కాడ ఊరి నీళ్ళు చెరిపినదానా అని మా ఆడబిడ్డ నా బిందె తన్నింది. నువ్వు ఆ పక్క బోరు పనిలో ఉండినావు. విన్లేదా?"

"విన్నా."

"విని?"

చెంగమ్మ వైరు చుట్ట కింద పడేసింది.

"ఈ పాపకు చెప్పినావు, సరి. కాలనీలో ఎవురు చెప్తారు? నేను చెప్తే నవ్వుతారు."

ఆ సాయంత్రమే చెప్పాడు. కాలనీ మధ్య నిలబడి, ఇరవై ఏడో బోరు రాసినది రాసినట్టు చదివాడు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు తేలికయ్యేది. వార్డు మెంబరు యువరాజ్ మాత్రం అన్నాడు: "కొత్త బావి పని మీకే ఇద్దామని ఉంటిమి. ఇంక ఈ ఊర్లో మీరు గొట్టం దించొద్దు పెద్దాయనా."

"ఒక్కసారి దించాల. ఆ చిల్లు మూసేదానికి."

మూసే పనికి ఆయన పాత కూలీలు ఇద్దరే వచ్చారు. అడ్డగొట్టం తిప్పాలంటే కనీసం ముగ్గురుండాలి. కాసేపటికి చెంగమ్మ చీర చెంగు దోపి వచ్చి మూడో చోట నిలబడింది.

"నీ కోసం గాదు" అంది. "నా చేను."

పాత గొట్టంలో పేరుకున్న బురదంతా ఇరవై అడుగుల దాకా తోడారు. రాయి ఉన్న మూడడుగులకు మాత్రం గొట్టాన్ని పైకి లాగి, రాయిని తాకేటట్టు సిమెంటు పాలు పోశారు. అది గట్టిపడ్డాక, నీడలో ఆరబెట్టిన బంకమట్టి ఉండలు ఒక్కొక్కటే జారవిడిచి, అడుగడుక్కీ ఇనుప కడ్డీతో కూరారు. ఐదు రోజులు పట్టింది. తొందరపడి గుప్పెడు ఉండలు ఒకేసారి వేసిన కూలీ చేత అవన్నీ తిరిగి తీయించాడు. ఆ ఐదు రోజులూ చెంగమ్మ పనికి కావలసిన మాట తప్ప ఆయనతో ఇంకో మాట అనలేదు.

ఏంజెలిన్ మ్యాప్‌లో రాయి గీత ఆ చేలో ఒక చిన్న సున్న దగ్గర తెగి మళ్ళీ మొదలవుతుంది. కొత్త బావి నాలుగు వందల అడుగుల పడమరకు జరిగింది. వేరేవాళ్ళు తవ్వారు, పదిహేను అడుగులకు ఆపారు. కాలనీ ఆ నీళ్ళే తాగుతోంది. దేవరాజులును పొన్నేరి వైపు పనికి పిలవడం ఆ ఏడే నిలిచిపోయింది. స్టాండు, గొట్టాలు తిరువళ్ళూరు పాత ఇనుము కొట్టుకు వేసేశాడు.

చెంగమ్మ చేను బాగుపడేదానికి ఎన్ని వానలు కావాలో ఏంజెలిన్ చెప్పలేదు. తెలియదని ఒప్పుకుంది. మొన్న రెండో వానకాలం పోయాక దేవరాజులు రెండు బస్సులు మారి అక్కడికి పోయాడు. పాత బోరుకు పదడుగుల దూరంలో పారతో నిలువులోతు గుంట తీశాడు. నీళ్ళు ఊరాయి. డ్యూటీకి పోతున్న చెంగమ్మ గట్టు మీద ఆగి, దిగి వచ్చి, దోసిలితో తీసి నోట్లో పోసుకుంది.

"ఉప్పే" అంది.

కానీ ఊసెయ్యలేదు, మింగింది. చెయ్యి చీరకు తుడుచుకుని, "ఇంకో రెండు వానలు పోనీ" అని, గుంట పూడ్చొద్దని చెప్పి, బస్సుకు నడిచింది.