ఈద్ దాకా ఆపమన్న మాత్ర

జ్వరానికి మాత్ర వేసుకునే మనిషి ముందుగా తలుపు మూసుకోవడం మీరు ఎప్పుడైనా చూశారా?

నేను మూసుకునేదాన్ని. నాది జ్వరం కాదు, దిగులు జబ్బు. డిగ్రీ ముగించి నారాయణఖేడ్‌కు తిరిగి వచ్చాక, లేచి ముఖం కడుక్కోవడం కూడా పెద్ద పనిగా తోచిన రోజుల్లో, సంగారెడ్డిలో ఒక డాక్టరమ్మ నన్ను పరీక్షించి మాత్ర రాసింది. రోజుకొకటి, పొద్దున తిన్న తర్వాత. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగున్నట్టు అనిపించినా సొంతంగా ఆపవద్దని చెప్పింది. ఆమె చెప్పినట్టే, వారాలు గడిచాక నాకు మళ్లీ ఆకలి తెలిసింది. పుస్తకంలో ఒక పేజీ చివరిదాకా చదవగలిగాను.

అంతలో రంజాన్ వచ్చింది. నెలంతా మాతో గడపడానికి నాగల్‌గిద్ద నుంచి ఫూఫీ, అంటే నాన్నకు అక్క, వచ్చింది. మాది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో దగ్గితే రెండో గదిలో మంచినీళ్లు కావాలా అని అడుగుతారు.

మా ఇళ్లలో ఒక మర్యాద ఉంది. నెలసరి రోజుల్లో రోజా ఉపవాసం ఉండని ఆడవాళ్లు వంటింటి తలుపు చాటున తింటారు. ఎందుకు తింటున్నావని ఎవరూ అడగరు. అమ్మీ నన్ను ఆ తలుపు చాటునే దాచింది. అక్కడే నా రొట్టె, అక్కడే నా మాత్ర. అయితే ఆ మర్యాదకు గడువుంది. అది దాటగానే ఫూఫీ వంటింట్లోకి తొంగిచూసి నవ్వింది. "ఏం బేటీ, నీది ఈద్ దాకా నడిచేటట్టున్నది?"

ఆ మధ్యాహ్నమే అమ్మీ నా మాత్రలను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఈద్ దాకా ఆపు. ఇప్పుడు మంచిగనే ఉన్నవు గద."

"మంచిగున్నది ఆ గోలితోనే అమ్మీ. బీమార్ ఉన్నోళ్లకు రోజా మాఫీ ఉంది గదా?"

"అల్లా మాఫీ చేస్తడు. మీ ఫూఫీ చేస్తదా?"

"అయితే నిజం చెప్దాం."

"మెల్లగ మాట్లాడు! కాలేజీల డిబేట్ కప్పులు గెలిచినవని ఈడ మీటింగ్ పెట్టకు."

ఎదుటి పక్షంలోని బలమైన కారణాన్ని ముందుగా ఒప్పుకోవాలని చర్చాపోటీల్లో మాకు నేర్పారు. కాబట్టి ఒప్పుకుంటాను. అమ్మీ నా జబ్బును తేలిగ్గా తీసుకోలేదు. 'పిచ్చి మందు తింటుందట' అనే మాట పక్కనున్న మనూర్ దాకా, నాగల్‌గిద్ద దాకా పాకితే ఆ తర్వాత నన్నెవరు మామూలు మనిషిగా చూస్తారన్నది ఆమె భయం. అది ఊరికే పుట్టిన భయం కాదు. కానీ నా సమస్య వేరు. వేదిక మీద నా వంతు వచ్చేది, గొంతెత్తేదాన్ని. ఈ ఇంట్లో గొంతెత్తితే ఓడిపోయేది నేనే, ఎందుకంటే రహస్యం నాది.

రోజా మొదలుపెట్టాను. కొద్ది రోజుల్లోనే కళ్లు పక్కకు తిప్పితే తలలో కరెంటు పాకినట్టయ్యేది. నడుస్తుంటే నేల ఒక పక్కకు ఒరిగేది. చెంచా కింద పడిందని ఏడ్చాను. రోజా నీరసమంది అమ్మీ. నజర్ తగిలిందంది ఫూఫీ, మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ పొగలో దగ్గుతూ కూర్చున్న నాకు అసలు కారణం తెలుసు, మాత్ర ఒక్కసారిగా ఆపడం. తెలిసీ నోరు మెదపలేకపోవడమంత ఇరుకు మరొకటి లేదు.

ఖర్జూరాలు కొందామని అమ్మీని బస్టాండు వైపు తీసుకెళ్లాను. మా ఊళ్లో రహస్యం మాట్లాడుకోవడానికి అనువైన చోటు అదే. బస్సుల మోతలో, ఆటోవాళ్ల కేకల్లో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఇద్దరం ఫోనుకు చెవులు ఆనించాం.

ఎప్పుడు ఆపానో, వేరే మందులేమైనా వాడుతున్నానో అడిగింది. తర్వాత నేరుగా అడిగింది. "చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా?"

అమ్మీ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. రావడం లేదని చెప్పాను. అది నిజం.

"వస్తే ఒక్కదానివే ఉండకు. ఇంట్లో చెప్పు, వెంటనే దవాఖానకు రా. ఇవాళ్టి నుంచి పాత మోతాదే మొదలుపెట్టు. పోయిన రోజులవి కలిపి వేసుకోవద్దు. తల తిరుగుడు తగ్గేదాకా రోజా వద్దు. తర్వాత ఉంటానంటే నన్నడుగు, మాత్రను సాయంత్రం ఇఫ్తార్ తర్వాతకు మారుద్దాం."

అమ్మీ ఫోన్ లాక్కుంది. "ఇఫ్తార్ అయినంక ఏస్కున్నా నడుస్తదా ఇది?"

"ముందే అడిగి ఉంటే రంజాన్ రాకముందే మార్చేదాన్నమ్మా."

బీరువా తెరుచుకుంది. కానీ నేను మళ్లీ పగలు తింటుంటే ఫూఫీకి ఏదో ఒకటి చెప్పాలి కదా. "దానికి రక్తం తక్కువున్నది" అంది అమ్మీ.

ఇక ఫూఫీ ప్రేమకు అడ్డు లేదు. బీట్‌రూట్ కూర, బీట్‌రూట్ రసం, చివరికి బీట్‌రూట్ హల్వా. అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు నాగల్‌గిద్ద నుంచి ఎవరితోనో తెప్పించిన పొడి పొట్లం విప్పి, పాలల్లో కలిపి నా ముందు పెట్టింది. "రక్తం పొంగుతది. జల్దీ తాగు."

అందులో ఏముందో ఫూఫీకే తెలియదు. నా మాత్రతో అది పడుతుందో లేదో చెప్పగలిగేవాళ్లు ఆ గదిలో లేరు.

"డాక్టర్‌ను అడిగి తాగుతా ఫూఫీ."

"నా చేతి మందుకు డాక్టర్‌ను అడుగుతవా? జహర్ కలిపిననుకున్నవా? విషమిస్తనా నీకు?"

ఆమె కళ్లలో నీళ్లు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి నేను ఆ గ్లాసు తాగాలి, లేదా ఆ అబద్ధాన్ని కూల్చాలి.

"నాకు రక్తం తక్కువ లేదు ఫూఫీ. దిగులు జబ్బు ఉంది. దాని గోలి ఏస్కుంటున్న. దాంతోటి ఏది పడితే అది తాగొద్దు."

ఫూఫీ లేచింది. వీధి తలుపు మూసి, గడియ పెట్టి, వచ్చి నా పక్కనే కూర్చుంది. గొంతు తగ్గించి ఒక్కటే అడిగింది. "ఇంకెవరికి చెప్పినవ్?"

ఎలా ఉన్నావని అడగలేదు. అయినా గ్లాసు తీసి అవతల పెట్టింది.

మీరు ఇలాంటి దిగులు మాత్ర వాడుతుంటే రోజాకో, ఒక్కపొద్దుకో, దీక్షకో ముందే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. సొంతంగా ఆపకండి. ఎవరు ఏ మందు ఇచ్చినా, వాడుతున్నదేమిటో చెప్పకుండా తాగకండి. మీ ఇంట్లో మరొకరు వాడుతుంటే ఈ రోజే వాళ్ల దగ్గర కూర్చుని, ఎలా ఉందని అడగండి. అడిగేటప్పుడు తలుపు తెరిచే ఉంచండి.